చెప్పకుండా మార్చినవి

ఫిబ్రవరి 9, ఆదివారం

పళ్ల డాక్టరు బండి మళ్లీ వచ్చింది. ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగి తీగలు తేలాయి. బయటి అంచు చూస్తే కొత్తవే. రేసు ట్రాక్ మీద మలుపుల్లో పట్టు కావాలని పోయినేడు ముందు చక్రాల తలలు లోపలికి బాగా వాల్చమన్నాడు. వాల్చాను. ఆదివారాలు ట్రాక్ మీద బాగానే ఉంది. మిగతా ఆరు రోజులూ అదే బండి వేసుకుని ఆస్పత్రికి పోతాడు. తిన్నటి రోడ్డు మీద వాలిన చక్రం లోపలి అంచునే నడుస్తుంది. అప్పుడే చెప్పాను. వింటేగా.

"ట్రాక్‌కి ఇంకో బండి కొనుక్కోవచ్చు కదండీ" అన్నాను.

"ఇంకో బండి కొంటే మా ఆవిడ నన్ను అమ్మి దానికి పెట్రోలు పోయిస్తుంది. ఒకటే బండి, ఒకటే సెట్టింగు. రోడ్డు మీద నడుం విరగకూడదు, ట్రాక్ మీద పరువు పోకూడదు. అంతే నా కోరిక" అన్నాడు.

గట్టి స్ప్రింగులు వేస్తే నడుం పోతుంది. మెత్తవి వేస్తే పరువు పోతుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగాలి.

తమ్ముడు బండి తీసుకుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. రైలు వంతెన ఎక్కి దిగి, పిండిమిల్లు మలుపు తిరిగి, బడి ముందు గతుకుల్లోంచి. ఎప్పుడూ అదే దారి. దిగి మంచినీళ్లు తాగాడు. నీళ్లు తాగేదాకా మాట్లాడడు. తాగాక, "వెనక కుడివైపు షాకబ్జార్బరు అలిసిపోయిందన్నా. గతుకులో మిగతా మూడూ లేస్తుంటే అదొక్కటీ ఆలోచిస్తోంది" అన్నాడు. విప్పి చూస్తే నూనె కారుతోంది.

"మీ తమ్ముడు కూర్చునే చోట కాటా ఉందండీ" అన్నాడు డాక్టరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఏం మార్చారో ఆయనకి చెప్పకుండా పంపుతారట, నిజమేనా?" అని అడిగాడు.

"చెబితే ఒళ్లు అబద్ధం ఆడుతుందండీ. గట్టి చేశానంటే, చెయ్యకపోయినా గట్టిగానే ఉందంటుంది. అందుకని నేను మారుస్తాను, చెప్పను. వాడు తిరిగొచ్చి ఏం మారిందో చెబుతాడు. అప్పుడు నేను అవునో కాదో అంటాను."

"ఎప్పుడైనా కాదన్నారా?"

"ఇంతవరకు అనాల్సిన పని పడలేదు."

అప్పుడు చెప్పాడు డాక్టరు. టైర్ల కంపెనీలో ఆయనకి తెలిసినాయన ఉన్నాడట. వాళ్లకి టెస్టు డ్రైవరు కావాలట. అక్కడా ఇదే పని. చెప్పకుండా మారుస్తారు, నడిపినవాడు తేడా చెప్పాలి. ఉండటానికి ఇల్లు ఇస్తారు. ఏప్రిల్ మొదట్లో పరీక్షకి పిలుస్తారు. "మీ తమ్ముడి కోసమే పుట్టించినట్టుంది ఆ ఉద్యోగం" అన్నాడు.

ముందు గదిలో మరదలి కుట్టుమిషను ఆగింది. సీటు కవర్లు కుడుతుంది ఆమె. మిషను ఆగితే వింటోందని అర్థం.

తమ్ముడు నా మొహం చూశాడు. "అన్న ఎలా అంటే అలా" అన్నాడు.

"వెళ్లరా. మంచిదే" అన్నాను.

ఫిబ్రవరి 11

మంచిదే. అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. నేనే పెంచాను. మాకు పిల్లలు లేకపోయినా లేరనిపించలేదు. ఇప్పుడు వాడి దారి వాడు చూసుకోవడం మంచిదే.

వాడు పోతే దుకాణం ఆగదు. కొలతబల్ల నాది. జాకీలు నావి. చక్రాల పక్కన దారం కట్టి కొలిచేది నేను. పానా పట్టేది నేను. వాడు చేసేది కూర్చోవడం.

ఫిబ్రవరి 13

పొద్దున్న కొత్తవాళ్లు ఇద్దరు వచ్చారు. గుమ్మంలోంచే "చిన్నాయన ఉన్నాడా?" అన్నారు. టీకి వెళ్లాడన్నాను. "సరే, మళ్లీ వస్తాం" అని బండి తిప్పుకుని పోయారు. పానా నా చేతిలోనే ఉంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

డాక్టరు బండి పని. ఆయన బరువుకి సరిపడా ఇసుక బస్తాలు డ్రైవరు సీట్లో పెట్టి నాలుగు చక్రాల కింద బరువు చూశాం. "ఈ బస్తా డాక్టరుగారికంటే నయం బావగారూ, సలహాలివ్వదు" అంది మరదలు, కవరు కొలతకి వచ్చి. తమ్ముడు నవ్వీ నవ్వీ జాకీ మీద కూలబడ్డాడు. ఈ మధ్య ఇద్దరూ దేనికైనా నవ్వుతున్నారు.

స్ప్రింగులు మూడు రకాలున్నాయి. గట్టివి వేసి చూస్తే బడి దగ్గర గతుకులకే తమ్ముడి పళ్లు కొట్టుకున్నాయి. "డాక్టరుగారికి బేరాలు పెరుగుతాయి గానీ ఆయన నడుం ఉండదు" అన్నాడు. మెత్తవి వేస్తే, ఒరగకుండా పట్టే రోల్‌బారు ఉన్నా, మిల్లు మలుపులో బండి పడవలా ఒరిగింది. మధ్యరకం పెట్టాం. ముందు చక్రాల వాలు తగ్గించాను, మరీ తీసెయ్యకుండా. వెనక చక్రాల ముక్కులు కాస్త లోపలికి తిప్పి ఉంచాను. అలా ఉంటేనే బండి తోక నిలుస్తుంది.

వాడు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయినప్పుడు వెనక షాకుల మరలు రెండేసి క్లిక్కులు బిగించాను. ఇంకో చుట్టు పంపాను. వచ్చాడు. నీళ్లు తాగాడు. మీసం తుడుచుకుంటూ, "వెనక. రెండు వైపులా, రెండేసి క్లిక్కులు" అన్నాడు. అదేదో గోడ మీద రాసుంటే చదివినట్టు.

"ఏమీ ముట్టుకోలేదురా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోటికొచ్చింది.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపేశాడు.

"నిజంగానా?"

"ఊరికే పంపి చూశాను."

"వెనక గట్టిపడిందే" అన్నాడు. మళ్లీ బండెక్కి వెళ్లాడు. ఈసారి చాలాసేపు రాలేదు.

భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. మాటల్లో పడి మరిచిపోయాను.

ఫిబ్రవరి 18

రెండు రోజులుగా అడుగుతున్నాడు. "నిజంగా ముట్టుకోలేదా అన్నా?" ఒకసారి అన్న మాట ఎలా మారుస్తాం.

అయినా ఇందులో తప్పేముంది. రేపు అక్కడ కంపెనీవాళ్లు ఇలాంటి తికమకలు పెట్టరా? ఇక్కడే అలవాటైతే అక్కడ తడబడడు. వాడి మంచికే.

ఫిబ్రవరి 20

ముందు టైర్లలో గాలి తగ్గించి పంపాను. చెప్పాడు. కాదన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

"ఇవాళ మూడు మార్చాను. చెప్పు" అన్నాను. ఏమీ మార్చలేదు.

ఎప్పుడూ ఒక చుట్టు చాలు వాడికి. ఇవాళ మూడు తిరిగాడు. వచ్చి నీళ్లు కూడా తాగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ముందు ఎడమ చక్రం వాలు పెంచావు" అన్నాడు. నేను పానా తుడుచుకుంటున్నాను. "వెనక రోల్‌బారు వదులు చేశావు." తుడుస్తూనే ఉన్నాను. "మూడోది... మూడోది స్ప్రింగు ఎత్తు. కుడివైపు. అవునా?"

మూడూ చెప్పాడు. లేనివి.

"రెండు సరే. ఒకటి తప్పు" అన్నాను.

"ఏది తప్పు?"

"అది నువ్వే కనుక్కోవాలి. అక్కడ నిన్ను అడిగేవాళ్లే గానీ చెప్పేవాళ్లుండరు."

తలూపాడు. శ్రద్ధగా ఊపాడు, చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చెబితే ఊపినట్టు.

ఫిబ్రవరి 27

"చిన్నాడు సరిగా తినడం లేదండీ" అంది మా ఆవిడ. పరీక్ష భయం అన్నాను. "మీరు కాస్త ధైర్యం చెప్పకూడదూ" అంది. చెబుతూనే ఉన్నాను.

మార్చి 2, ఆదివారం

గొడవైంది. రాయాలని లేదు.

టీ తాగుతున్నాం, ముగ్గురం. మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. తమ్ముడు గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు గానీ తాగడం లేదు. మరదలు ఉన్నట్టుండి అంది.

"బావగారూ, నిన్న మీరు పనికొచ్చిన బండి వెనక చక్రం దగ్గర వంగి ఏదో తిప్పారు. ఈయన వెళ్లేముందు."

"దుమ్ము తుడిచాను."

"దుమ్ము పానాతో తుడుస్తారా?"

"అమ్మాయ్, నువ్వు నీ మిషను చూసుకుంటున్నావా, నన్ను చూస్తున్నావా?"

"మిషను ఎదురుగా అద్దం ఉంది బావగారూ. తల ఎత్తితే మీరే కనిపిస్తారు. ఈయన తిరిగొచ్చి వెనక ఎడమ గట్టిపడిందన్నాడు. మీరు లేదన్నారు. తిప్పింది నేను చూశాను. ఈయన చెప్పింది నేను విన్నాను. ఇక లేదన్నదే మిగిలింది."

తమ్ముడు నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అవునంటే బాగుండునన్నట్టు చూశాడు. అప్పుడు అవునంటే సరిపోయేది, నాకు తెలుసు. కానీ ఆమె ముందా? మిషను దగ్గర కూర్చుని నన్ను కాపలా కాసిన మనిషి ముందా?

"ఒరేయ్, నీ భార్యకి వెళ్లాలనుంది. ఇల్లిస్తారన్నారు కదా. నువ్వు తప్పు చెబుతున్నావంటే ఆ ఇల్లు పోతుంది. అందుకని నేను అబద్ధాలకోరును కావాలి. ఆవిణ్ణి తప్పుపట్టను. ఎవరి ఆశ వాళ్లది" అన్నాను. నెమ్మదిగానే అన్నాను.

మరదలు నవ్వింది. "నాకు ఇల్లు కాదు బావగారూ, నా మొగుడు కావాలి. ఈయన నిద్రలో కూడా మెలికలు తిరుగుతున్నాడు, మంచం ఏ పక్కకి ఒరిగిందో చూస్తున్నట్టు."

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. "నోరు మూసుకో" అన్నాడు ఆమెతో. పెళ్లయిన ఏడేళ్లలో ఆ మాట నేను వినలేదు. "మా అన్న నాతో ఎందుకు అబద్ధం చెబుతాడు? నన్ను పెంచినవాడు. చెప్పు, ఎందుకు చెబుతాడు?"

ఆమె లేచి గ్లాసులు తీసుకెళ్లి కడిగింది.

వాడు అడిగిందే నేనూ అడుగుతున్నాను. ఎందుకు చెబుతాను?

మార్చి 3

అద్దం తీసేసి పై అరలో పెట్టాను. పగిలేలా ఉంది.

మార్చి 5

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తమ్ముడే అడిగాడు. "చెవిలో ఏదైనా తేడా వస్తే తూకం తెలియదటన్నా" అన్నాడు. కళ్లు మూసి ఒంటికాలి మీద నిలబడమన్నాడు డాక్టరు. నిలబడ్డాడు. గీత మీద నడవమన్నాడు. నడిచాడు. కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పి ఏ పక్కకి తిరిగావో చెప్పమన్నాడు.

తమ్ముడు కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఆయన్నెందుకు చూస్తారు? మీకేమనిపించింది?" అన్నాడు డాక్టరు.

"కుడికేమో" అన్నాడు తమ్ముడు.

కుడికే. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. ఒంట్లో రోగం లేదు, బెంగ ఉంది, నిద్రకి మాత్రలు రాస్తానన్నాడు. బయటికొచ్చాక, "చూశావా, ఏమీ లేదన్నాడు" అన్నాను, ధైర్యం చెబుదామని.

"అదే కదన్నా. ఏదైనా ఉందంటే బాగుండేది" అన్నాడు.

మార్చి 9, ఆదివారం

మాత్రలు వేసుకున్నావా అని గుర్తుచేశాను. మరిచిపోతుంటాడు.

మార్చి 10

మాత్రలతో పగలంతా మత్తుగా ఉంటున్నాడు. బండి అద్దం తుడుస్తూ తుడుస్తూ గుడ్డ పట్టుకునే నిలబడిపోయాడు. మరదలు వచ్చి చేతిలోంచి గుడ్డ తీసుకుంది. నాతో మాట్లాడటం మానేసింది. కవర్లు కుట్టి నా బల్ల మీద పెట్టిపోతుంది. కుట్టు ఎప్పటిలాగే తిన్నగా ఉంది.

మార్చి 16, ఆదివారం

ట్రాక్‌కి వెళ్లాం, డాక్టరు బండి చూడటానికి. మొదటి విడత నడిపి వచ్చి, "ముక్కు బయటికి పోతోందండీ. తిప్పినా తిరగదు. చిన్నాయన ఒకసారి చూస్తే బాగుండు" అన్నాడు.

తమ్ముడు హెల్మెట్టు పెట్టుకుని రెండు చుట్లు తిరిగాడు. దిగాడు. డాక్టరు ఎదురుచూస్తున్నాడు. నేనూ.

"మీ ఇష్టమండీ" అన్నాడు.

"నా ఇష్టమేమిటండీ? నాకు తెలిస్తే మీ దగ్గరికెందుకు వస్తాను?"

"అన్నని అడగండి."

అన్నని అడిగాడు. ముందు రోల్‌బారు మెత్తన చెయ్యాలో, వెనక గట్టి చెయ్యాలో, ఏది ఎంతో నాకు తోచలేదు. ముక్కు పోవడం చూస్తే తెలుస్తుంది. ఎక్కడ మొదలైందో కూర్చున్నవాడికే తెలుస్తుంది. మలుపులోకి పోయేటప్పుడా, మలుపు మధ్యలోనా, యాక్సిలరేటరు తొక్కాకా. వెనక షాకులు మూడు క్లిక్కులు బిగించాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా.

రెండో విడతలో పాలవ్యాపారి కొడుకు పాత డొక్కు బండితో డాక్టర్ని దాటిపోయాడట. "దాటితే దాటాడు, వెళ్తూ చెయ్యి ఊపాడండీ. రేపు వాడి తల్లికి పన్ను పీకాలి నేను" అన్నాడు డాక్టరు. నవ్వుతూనే అన్నాడు. పోతూపోతూ నన్ను పక్కకి పిలిచాడు.

"మీ తమ్ముడికి ఒంట్లో బాగులేదా? ఏప్రిల్‌లో పంపొచ్చా?"

"పరీక్ష బెంగండీ. సర్దుకుంటుంది."

"కాటా చెడితే బాగుచెయ్యగలం. మనిషి కాటాని నమ్మడం మానేస్తే ఎలాగండీ" అన్నాడు. పళ్లు పీకేవాడికి ఇవన్నీ ఎందుకు.

మార్చి 24

తమ్ముడు వచ్చి పరీక్షకి వెళ్లనన్నాడు. పరువు పోతుందన్నాడు.

వెళ్లమన్నాను. కేకలేశాను కూడా. మొక్కజొన్న కోతలకి పోయి వాణ్ణి చదివించింది ఇందుకేనా అన్నాను. అంతా నిజమే. వెళ్లొద్దని నేనెప్పుడూ అనలేదు. రేపు ఎవరైనా వేలు చూపడానికి ఉండకూడదు.

"నువ్వు కూడా వస్తావా?" అన్నాడు.

వస్తానన్నాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మార్చి 30, ఆదివారం

ఈ వారమంతా ఏమీ మార్చలేదు, ఏమీ అడగలేదు. వాణ్ణి ప్రశాంతంగా ఉండనిచ్చాను.

ఏప్రిల్ 3, గురువారం

బస్సులో వెళ్లాం. పెద్ద మైదానం, మధ్యలో నల్లటి రోడ్డు మెలికలు తిరిగి ఉంది. నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టారు, తలుపు తీసే ఉంచారు. పరీక్ష పెట్టే ఆయన నెమ్మదస్తుడు. తమ్ముణ్ణి "అండీ" అన్నాడు. మూడు విడతలు, ప్రతి విడతకీ ముందు బండిని షెడ్డులోకి తీసుకెళతాం, మార్చవచ్చు, మార్చకపోవచ్చు, దిగాక మీకేమనిపిస్తే అది చెప్పండి, తప్పయినా ఫరవాలేదు అన్నాడు.

మొదటి విడత మామూలుగా వెళ్లింది. ఏమీ మార్చలేదు. ఏమీ లేదన్నాడు. సరిపోయింది.

రెండో విడతకి ముందు బండి షెడ్డులోకి పోయింది. నా గది కిటికీ షెడ్డు వైపే. వెనక టైర్లు రెండూ విప్పి వేరేవి వేశారు. చూడటానికి అవే. తమ్ముడు గేటు దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు.

బండి దూరపు మలుపులోకి పోయేటప్పుడు చూశాను. తోక విదిలించింది. ఇంత దూరంలో కూర్చున్న నాకే తెలిసింది. వాడి చేతులు క్షణంలో సర్దాయి. ఆలోచించి సర్దే సర్దుబాటు కాదది. చేతులకి తెలుసు.

దిగాడు. ఆయన అట్ట పట్టుకుని ఎదురొచ్చాడు. తమ్ముడు ఆయన వైపు చూడలేదు. అద్దంలోంచి నన్ను వెతికాడు. నేను ఊరికే కూర్చున్నాను. తల కూడా కదపలేదు. కదపకూడదు కదా, పరీక్ష.

"తేడా ఏమీ లేదండీ" అన్నాడు.

"ఏమీ లేదా? కావాలంటే ఇంకోసారి తిరిగి రండి. తొందరేం లేదు."

"అక్కర్లేదండీ."

మూడో విడతలో ఏమీ మార్చలేదు. వాడు నాలుగు చెప్పాడు.

ఆయన టీ ఇప్పించాడు. మీ చేతులు చాలా మంచివన్నాడు. మళ్లీ ఎప్పుడైనా చూద్దామన్నాడు. గేటుదాకా వచ్చి సాగనంపాడు.

బస్సులో తమ్ముడన్నాడు. "రెండోసారి వెనక మెట్టు తప్పినట్టయిందన్నా. చెబుదామనుకున్నాను. మళ్లీ నా ఊహేనేమో అనిపించింది. నువ్వు చూస్తున్నావు కదా, నవ్వుతావేమోననుకున్నాను."

"అనిపించడం వేరు, ఉండటం వేరు" అన్నాను.

"అంతే కదా" అన్నాడు. నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

ఏప్రిల్ 4

బాగా నిద్ర పట్టింది.

ఏప్రిల్ 6, ఆదివారం

పోయిందేదో పోయింది. మా ఆవిడ పాయసం కాస్తే అందరం కూర్చుని తిన్నాం. మరదలు తలనొప్పి అని రాలేదు. ఇక అంతా మామూలే. వాడు ఇక్కడే ఉంటాడు. మాత్రలు ఆపించాలి. మెల్లగా మళ్లీ దారిలో పెట్టాలి. చెడిందేమీ లేదు.

ఏప్రిల్ 8

వెనక షాకులు నాలుగు క్లిక్కులు వదులు చేసి పంపాను. వచ్చాడు. "చెప్పరా" అన్నాను.

"నువ్వే చెప్పన్నా."

"నేను చెబితే ఎలా? నువ్వు చెప్పాలి కదా."

"ఏమనిపించాలో చెప్పు. చూసుకుంటాను" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.

నాలుగు క్లిక్కులు వదులు చేశానని చెప్పాను. మళ్లీ తిరిగొచ్చి, "అవును, నాలుగు" అన్నాడు.

ఏప్రిల్ 10

వదులు చేశానంటే వదులంటున్నాడు. బిగించానంటే బిగుసుకుందంటున్నాడు. ఈ వారంలో వచ్చిన బళ్లు మూడూ బాగున్నాయన్నాడు. ఒకదానికి చక్రం బోల్టు వదులుగా ఉంది, నేను చూశాను కాబట్టి సరిపోయింది. డాక్టరు ఫోను చేసి ట్రాక్ పక్కన కొత్తగా పెట్టిన దుకాణంలో చూపించుకుంటానన్నాడు. ఒక్క అవకాశం ఇవ్వండి, ఆదివారం తెప్పించండి అన్నాను. నేను బతిమాలాను. ఆయన్ని.

ఏప్రిల్ 13, ఆదివారం

డాక్టరు బండి పంపాడు.

పొద్దున లేచినప్పటినుంచీ ఒకటే అనుకున్నాను. ఇవాళ వాడికి తెలిసి తీరేంత పెద్దది మారుస్తాను. వాడు చెబుతాడు. నేను అవునంటాను. అక్కడినుంచి మొదలుపెట్టి ఫిబ్రవరిదాకా అన్నీ చెప్పేస్తాను. తిడితే తిడతాడు. నా తమ్ముడే కదా.

తమ్ముడు టిఫినుకి వెళ్లినప్పుడు వెనక చక్రాల ముక్కులు రెండూ బయటికి తిప్పాను. కొంచెం కాదు. అలాంటి బండి తిన్నటి రోడ్డు మీదే నిలవదు, తాగినవాడి నడక నడుస్తుంది. మెల్లగా పోరా అని మాత్రం చెప్పాను. సరే అన్నాడు.

మామూలుగా వచ్చే వేళకి రాలేదు. ముందు గదిలో మిషను ఆగింది. మరదలు లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరం రోడ్డు చూస్తూ నిలబడ్డాం.

వచ్చాడు. ఎడమవైపు అంతా మట్టి. ముందు బంపరులో పొలంగట్టు గడ్డి వేళ్లతో సహా ఇరుక్కుని ఉంది. మిల్లు మలుపులో రోడ్డు దిగిపోయి ఉంటాడు. తలుపు తీసుకుని దిగాడు. తలుపు పట్టుకునే నిలబడ్డాడు. నీళ్లిస్తే తాగాడు. మొత్తం తాగాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉందన్నా."

"ఏమైనా మారిందా?"

వాడు బండి వైపు చూడలేదు. బంపరులో గడ్డి చూడలేదు. నా మొహం చూశాడు. ఏ జవాబు కావాలో వెతుకుతున్నాడు, అది ఇచ్చేద్దామని.

"మార్చావా?" అని అడిగాడు.

మరదలు వెనక చక్రం దగ్గరికి పోయి వంగింది. గుడ్డలు కత్తిరించే మనిషి, వంకర ఆమె కంటికి వెంటనే దొరుకుతుంది. అరిచేత్తో టైరు తడిమింది. లేచి నిలబడి నా జవాబు కోసం చూసింది. ఆమె అక్కడ లేకపోతే చెప్పేవాణ్ణి. నిజంగా చెప్పేవాణ్ణి.

"లేదురా" అన్నాను.

వాడి మొహం తేటపడింది. ఎన్నాళ్లకో నవ్వాడు. "అదే అనుకున్నాను. మలుపులో ఏదో అయినట్టనిపించింది. నాదే" అన్నాడు. వంగి బంపరులోంచి గడ్డి పీకడం మొదలుపెట్టాడు.

"ఇటు రండి. ఈ చక్రాలు చూడండి. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది" అంది మరదలు. గొంతు పెద్దది చెయ్యలేదు.

వాడు తల ఎత్తి ఆమెను చూశాడు. కోపం లేదు. చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పాడు.

"అన్న మార్చలేదన్నాడుగా."

ఆమె నా వైపు తిరిగింది.

"మార్చలేదు" అని ఇంకోసారి అన్నాను.